లేని క్లబ్బు, ఉన్న తగువు

కనుమ, శుక్రవారం: శ్రీకాకుళం

శ్రీకాకుళం రోడ్ అని బోర్డు పెట్టుకున్న రైల్వే స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ దిగినవాళ్లు ఊళ్లోకి పోవాలంటే ఆటో ఎక్కాల్సిందే. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గానీ ఆటోలు కదిలాయి. మామూలు రోజుల్లో ముప్పై తీసుకునే చోట పండగ పేరు చెప్పి యాభై అడిగాడు. "ఎక్కడికెల్తారు బావూ?" అన్నాడు. ఫుట్‌బాల్ ఆడే గ్రౌండుకి అన్నాను. ఇంకో ప్రశ్న వెయ్యకుండా తీసుకెళ్లి కోడి రామ్మూర్తి స్టేడియం దగ్గర దింపేశాడు. అక్కడ ఆ రోజు ఆటే లేదు. శ్రీకాకుళంలో ఏ ఆట పేరు చెప్పినా ఆటో అక్కడికే పోతుందని తర్వాత తెలిసింది.

కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నాడనీ, ఇనుప గొలుసులు తెంచాడనీ ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. ఒంటరిగా నిలబడి ఒంటి బలం చూపించిన వాళ్లకి పేరున్న జిల్లా ఇది. పదకొండు మంది కలిసి ఒక బంతి వెంట పరిగెత్తే ఆటకి ఇక్కడ ఎవరొస్తారన్న అనుమానం రైల్లో ఉండగానే మొదలైంది.

నన్ను పిలిచినవాడు స్నేహితుడు. హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో పక్కపక్కన కూర్చుని గొంతులు పోయేలా అరిచిన పరిచయం మాది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు ఎత్తింది. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. 2025 వచ్చేసరికి ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. "మొక్కుకుందామంటే గుళ్లో దేవుణ్ణే పట్టుకుపోయారు బావా" అని అప్పట్లో ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. ఈ సంక్రాంతికి మా ఊరొచ్చి చూడు, మేమే ఒక క్లబ్బు పెడుతున్నాం అన్నాడు. చూద్దామని వచ్చాను.

బైకు మీద వచ్చి నన్ను స్టేడియం ముందు నుంచి ఎత్తుకెళ్లాడు. ఆట మూడింటికి. వాళ్లమ్మగారు మాత్రం మినపగారెలు తినకుండా గడప దాటనివ్వలేదు. "ఆటెక్కడికీ పోదు బాబూ, గారెలు సల్లారిపోతాయి" అన్నారు. కనుమ నాడు మినుము తినకపోతే ఆవిడ లెక్కలో అది పండగే కాదు. గారెలు, నాటుకోడి పులుసు, అరిసెలు, ఆ మీద బెల్లం ఆవకాయతో పెరుగన్నం. ఇంత తిన్నాక ఆడేవాళ్లు ఎలా ఆడతారో నాకర్థం కాలేదు. ఆడేవాళ్లు తినరట, గెలిచాక తింటారట. మొదటి బహుమతి పదివేల రూపాయలతో పాటు ఒక పొట్టేలు.

మైదానం నాగావళి వంతెన అవతల, ఒక కాలేజీ వెనక. సున్నంతో గీతలు గీశారు. ఒకవైపు గోల్‌పోస్టు రెండోదానికంటే మూరెడు పొట్టి. అందుకని టాస్ గెలిచినవాడు బంతి అడగడు, పోస్టు అడుగుతాడు. జట్టుకి ప్రవేశ రుసుం వెయ్యి. చూసేవాళ్లకి రుసుం లేదు, కానీ ఒక కుర్రాడు స్టీలు బిందె పట్టుకుని చుట్టూ తిరుగుతుంటాడు. నేను వంద వేస్తే బిందెలోకి తొంగి చూసి, "ఇంకోటెయ్యండి, ఐద్రాబాద్ నుంచొచ్చారు కదేటి" అన్నాడు. వేశాను.

ఆ రోజు పెద్ద ఆట సముద్రపు ఒడ్డు కుర్రాళ్లకీ టౌను కుర్రాళ్లకీ. ఒడ్డు కుర్రాళ్లు మత్స్యకారుల పిల్లలు. ఇసుకలో ఆడిన కాళ్లు, బూట్లు లేవు. టౌను వాళ్ల కాళ్లకి అడుగున గట్టి బుడిపెల్లాంటి స్టడ్లున్న బూట్లు, ఒంటి మీద బార్సిలోనా, మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీలు. ఆట మొదలు కావడానికి అరగంట పట్టింది. స్టడ్లతో తొక్కితే మా వేళ్లు పోతాయి, వేట ఎవడు చేస్తాడు అని వీళ్లు. బూట్లు విప్పి ఆడే ఫుట్‌బాల్ ఎక్కడుందిరా అని వాళ్లు. రిఫరీగా ఉన్న పీఈటీ మాస్టారు రెండు వైపులా విని, కాన్వాస్ బూట్లైతే సరే, స్టడ్లు కుదరవని తీర్పు చెప్పారు. టౌను వాళ్లలో నలుగురికి కాన్వాస్ బూట్లు దొరకలేదు. వాళ్లు కూడా ఒట్టికాళ్లతోనే దిగారు.

నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరై సొంతూరికి వచ్చేశారు. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనికి ఖరగ్‌పూర్ పోయి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇక్కడి ఫుట్‌బాల్ పిచ్చిలో సగం అక్కణ్ణించి రైల్లో వచ్చిందేనని ఆయన వాదన. బూట్ల తగువు చూసి నవ్వారు. "1911లో మోహన్ బగాన్ ఏటేసుకుని ఆడింది? ఒక్కడు తప్ప అంతా ఒట్టికాళ్లతో దిగి, తెల్లదొరల జట్టుని రెండు-ఒకటి గోల్స్‌తో ఓడించి షీల్డు పట్టుకుపోలేదా? 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనోళ్లు ఫ్రాన్స్‌తో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. రెండు పెనాల్టీలు పోగొట్టుకున్నారు గానీ, లేకపోతేనా!"

ఇంత చెప్పిన ఆయన మోహన్ బగాన్ అభిమాని కాదు. కలకత్తాలోనే దాని ప్రత్యర్థి క్లబ్బు ఈస్ట్ బెంగాల్. వాళ్ల నాన్నగారి నుంచి వచ్చిన వారసత్వం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఈస్ట్ బెంగాల్ ముందువరసలో ఆడిన ఐదుగురిని పంచపాండవులు అనేవారు: అహ్మద్ ఖాన్, సాలే, ధనరాజ్, వెంకటేశ్, అప్పారావు. 1949, 50, 51 వరసగా మూడేళ్లు ఐఎఫ్ఏ షీల్డు వాళ్లదే. "అప్పారావు! పేరింటేనే మనోడనిపించలేదా బావూ? మా నాన్నకి అంతే సాలింది." ఆయన తమ్ముడు మాత్రం మోహన్ బగాన్. ఈ రెండు జట్లూ తలపడే డెర్బీలో ఈస్ట్ బెంగాల్ గెలిస్తే కలకత్తాలో ఇలిష్ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. ఖరగ్‌పూర్ క్వార్టర్స్‌లో వాళ్లమ్మ ఓడినవాడికి ఆ పూట పప్పుచారు పోసేదట.

ఆట సంగతి: ఒడ్డు కుర్రాళ్లు మూడు, టౌను ఒకటి. పొట్టి పోస్టు వైపు నిలబడి కూడా టౌను వాళ్లు మూడు మింగారు. మొదటి గోల్ పడగానే ఒడ్డు వాళ్ల వైపు తప్పెటగుళ్ల వాయిద్యం లేచింది. ఒక ముసలమ్మ టౌను గోల్‌కీపర్‌ని ఉద్దేశించి, "ఏటరా గుంటా, సేతులు అద్దెకి తెచ్చుకున్నావేటి!" అంది. అతను మిగతా ఆటంతా ఆ మూలకి చూడలేదు. బూతు ఒక్కటి కూడా లేదు. గచ్చిబౌలిలో మేం అరిచిన అరుపులు గుర్తొచ్చి కాస్త సర్దుకుని కూర్చున్నాను.

ముక్కనుమ, శనివారం: అరసవల్లి, నాగావళి ఒడ్డు

పొద్దున్నే అరసవల్లి. రథసప్తమి వారంలో ఉంది, క్యూల కోసం కర్రలు పాతుతున్నారు. దర్శనం త్వరగా అయింది. బయట ఇడ్లీ తిని, డే అండ్ నైట్ కూడలి దగ్గర టీ కొట్టుకి చేరాం. అసలు సమావేశం అక్కడ.

ఎనిమిది మంది దాకా ఉన్నారు. ఒకతను సివిల్ ఇంజనీరింగ్ చదివినవాడు, పాత క్యాలెండరు వెనక స్టేడియం బొమ్మ గీసి తెచ్చాడు. పదివేల మంది పట్టేది. గ్యాలరీకి మెట్లు, ఒకవైపు కప్పు, నాలుగు మూలలా దీపాల స్తంభాలు. బొమ్మ బాగుంది. ఎక్కడ కట్టాలన్న దగ్గర మూడు ముక్కలయ్యారు. ఒకరు ఎచ్చెర్ల దగ్గర అన్నారు. యూనివర్సిటీ పక్కనే, జాతీయ రహదారి పక్కనే, కుర్రకారు అక్కడే ఉన్నారు. రెండో ఆయన ఊళ్లోనే ఉండాలన్నాడు. సాయంత్రం షాపు కట్టేసి నడిచి రాలేని చోట స్టేడియం కడితే ఎవడొస్తాడు? మూడో వర్గం భోగాపురం అంది. విమానాశ్రయం వస్తోంది, అటు విజయనగరం వాళ్లూ ఇటు శ్రీకాకుళం వాళ్లూ అటు వైజాగ్ వాళ్లూ వస్తారు. భోగాపురం అనగానే మిగతావాళ్లంతా ఒక్కటైపోయారు. "అది ఇజీనారం జిల్లా! మన డబ్బులెట్టి ఆళ్లకి స్టేడియం కడతామేటి?"

డబ్బులు ఇంకా ఎవరి దగ్గరా లేవు. క్లబ్బుకి పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, జెర్సీ రంగు లేదు. తగువు మాత్రం నిండుగా ఉంది. నాకిది నచ్చింది. అభిమానుల్ని పోగెయ్యడానికి నగరాల్లో కోట్లు పోస్తారు, ఇక్కడ క్లబ్బు పుట్టక ముందే అభిమానులు రెండు జిల్లాలుగా చీలి కూర్చున్నారు.

స్థలం లెక్క మాత్రం ఇంజనీరు కుర్రాడు శుభ్రంగా చెప్పాడు. అంతర్జాతీయ కొలతల ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంటే ఎకరా ముప్పావు. దాని చుట్టూ 400 మీటర్ల రన్నింగ్ ట్రాక్ వేస్తే ఆట స్థలమే నాలుగెకరాలు దాటిపోతుంది. నేను ట్రాక్ వద్దన్నాను. ట్రాక్ వేస్తే గ్యాలరీ ఎంతో దూరం జరిగిపోతుంది, ఆడేవాడి ముఖం కనబడదు. గచ్చిబౌలిలో అదే బాధ. నిన్నటి ముసలమ్మ అక్కడ అరిస్తే గోల్‌కీపర్‌కి వినబడేదే కాదు. కానీ అతను చెప్పిన జవాబుకి నా దగ్గర ఎదురుమాట లేదు. "ట్రాక్ లేకుండా ఫుట్‌బాల్‌కి మాత్రమే అంటే ఏ ఆఫీసులోనూ ఫైలు కదలదు సార్. అన్ని ఆటలకీ అంటేనే సంతకం పడుద్ది."

ఖరగ్‌పూర్ పెద్దాయన కప్పు సంగతి పట్టుకున్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరులో తిత్లీ. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి తోటలు వేళ్లతో సహా పడిపోయాయి. "కొబ్బరి చెట్టుకే దిక్కులేని గాలిలో మీ రేకుల కప్పుకేటి దిక్కు?" కప్పు బొమ్మ మీద అడ్డంగా గీత పడింది.

నేను నా మాట కూడా చెప్పాను. స్టేడియం ఉన్నంత మాత్రాన క్లబ్బు నిలవదు. హైదరాబాద్‌లో స్టేడియానికి కొదవా? ఆ ఊరి ఎస్.ఎ. రహీమ్ సాబ్ శిక్షణలో భారత జట్టుకి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు కొట్టింది. అలాంటి ఊళ్లోంచి ఐఎస్ఎల్ జట్టు లేచిపోయింది. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే శ్రీనిధి క్లబ్బు. ఐ-లీగ్‌లో చోటు వచ్చింది విశాఖపట్నం పేరు మీద; సొంత మైదానమై కూర్చున్నది మాత్రం హైదరాబాద్ శివార్లలోని డెక్కన్ అరీనా. కాబట్టి ముందు బొమ్మ పక్కన పెట్టండి, విజయనగరం వాళ్లతో నెలకో ఆట పెట్టుకోండి, ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ. రెండేళ్లు ఆగకుండా ఆడితే స్టేడియం ఎక్కడ కావాలో జనమే చెబుతారు. అందరూ మర్యాదగా విన్నారు. తర్వాత టీలు తాగి మళ్లీ ఎచ్చెర్ల దగ్గరికి వచ్చారు. పద్నాలుగు టీలకి నూట నలభై, నన్ను ఇవ్వనివ్వలేదు.

సాయంత్రం ఫైనల్. ఒడ్డు కుర్రాళ్లే గెలిచారు, పెనాల్టీల్లో. పొట్టేలుని మెడలో దండ వేసి మైదానమంతా తిప్పారు. దాని భవిష్యత్తు దానికి తెలియదు పాపం. ఆ రాత్రి కూరకి నన్నూ పిలిచారు గానీ దండతో చూశాక నాకు మనసొప్పలేదు. మావాడు మాత్రం వెళ్లి రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఆదివారం: రాజాం

విజయనగరం పోయే దారిలో రాజాంలో ఆగాం, పెసరట్టు ఉప్మా కోసం. ఇక్కడి కుర్రాళ్ల ఇబ్బంది వేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది. స్నేహితుడికి తెలిసిన ఇద్దరు అన్నదమ్ములు హోటల్‌కి వచ్చారు. పెద్దవాడు పుట్టిన సర్టిఫికెట్ శ్రీకాకుళందే కాబట్టి జీవితాంతం శ్రీకాకుళమే అంటాడు. చిన్నవాడు, ఇప్పుడు ఏ పని పడినా కలెక్టరాఫీసుకి విజయనగరమే పోతున్నాం కదా, జట్టు మాత్రం ఎందుకు వేరేది అంటాడు. వాళ్ల నాన్నగారు పెసరట్టు ముక్క తుంచుతూ, ఎవడు బస్సు పంపిస్తే వాడి జట్టే మనది అని తేల్చేశారు. రెండు ప్లేట్లు అదనంగా చెప్పి నూట అరవై కట్టాం. అల్లం పచ్చడి గొప్పగా ఉంది.

సోమవారం: విజయనగరం

గంటస్తంభం దగ్గర బస్సు ఎక్కినవాడినీ దిగినవాడినీ కూడా సైకిళ్లు తోసుకుపోతుంటాయి. 1713లో మొదలైన కోట గోడ నీడలో చెరుకు రసం తాగుతుంటే, ఇక్కడి జట్టు తరఫున ఒకతను వచ్చి కలిశాడు. ఈయన లెక్చరరు. చేతిలో కాగితం లేదు, నోట్లో మాత్రం మూడు శతాబ్దాల చరిత్ర ఉంది. శ్రీకాకుళం నుంచి వచ్చామనగానే మొదటి ప్రశ్న: "ఎచ్చెర్లలో కడతామంటున్నారటగా?" వార్త మాకంటే ముందు చేరింది.

విజ్జీ స్టేడియానికి తీసుకెళ్లాడు. విజయనగరం మహారాజకుమార్ విజ్జీ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టు కెప్టెన్. ఆ పర్యటనలోనే లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపేసిన గొడవ జరిగింది. మావాడికి ఇంతకంటే మంచి అవకాశం దొరుకుతుందా? "మా స్టేడియానికి ఏనుగును మోసినాయన పేరుంది. మీ కెప్టెన్ మూడు టెస్టులాడి మొత్తం కలిపి 33 పరుగులు చేశాడు మాస్టారూ" అన్నాడు. లెక్చరరు కోపం తెచ్చుకోలేదు. "మీ ఏనుగాయన చిన్నప్పుడు కసరత్తు నేర్చింది ఎక్కడో కనుక్కో నాయనా. మా విజయనగరంలో, చిన్నాన్న ఇంట్లో ఉండి." మావాడు ఫోను తీసి వెతికి, చూసి, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఇక్కడివాళ్ల అసలు పోటీ శ్రీకాకుళంతో కాదన్నది కాసేపటికి తెలిసింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర బొబ్బిలి కుర్రాడొకడు ఉన్నాడు, ఇదే జట్టులో డిఫెండరు. వాడు బంతి వదిలేసిన ప్రతిసారీ మిగతావాళ్లు 1757 ఎత్తుతారట. ఆ జనవరిలో బొబ్బిలి కోట పడింది, ఆ వెంటనే తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజుని ఆయన డేరాలోనే పొడిచాడు. "కోట మీరు కొట్టారు, రాజుని మేం కొట్టాం, స్కోరు సమానం" అంటాడు బొబ్బిలి కుర్రాడు. మెతుకులు గొంతులో అడ్డుపడేలా నవ్వాం. పప్పు, వంకాయ కూర, మజ్జిగ పులుసు. ఆకు మీద భోజనం నూట ఇరవై. పక్క కొట్లో భీమాలి మామిడి తాండ్ర అరకిలో కట్టించుకున్నాను.

వీళ్లు ఆడేది ఊరి చివర ఒక ప్రైవేటు టర్ఫ్ మీద. గంటకి తొమ్మిది వందలు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా బాక్స్ క్రికెట్ వాళ్లు ఎప్పుడో బుక్ చేసేసుకుంటారు. ఫుట్‌బాల్ వాళ్లకి మిగిలేది రాత్రి పదిన్నర. ఇంటి దగ్గర తిట్లు తింటూ వస్తారు. ఈ జూన్‌లో ప్రపంచకప్పు కూడా అర్ధరాత్రీ తెల్లవారుజామునే కదా, ఇప్పట్నుంచీ అలవాటు చేసుకుంటున్నామన్నాడు ఒకడు. వీళ్ల స్టేడియం కోరిక చాలా చిన్నది: సాయంత్రం ఆరింటికి, క్రికెట్ వాళ్లు రాని చోట, పచ్చిక ఉన్న ఎకరా ముప్పావు. గ్యాలరీ మాటే ఎత్తలేదు. కప్పు అడగలేదు. పక్కన కొండవెలగాడని చూపించారు. ఆ ఊరి నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో బరువులెత్తి పతకం తెచ్చింది. ఆ ఊళ్లో బరువులెత్తే అమ్మాయిలు అంతమంది తయారైంది పెద్ద భవనం చూసి కాదు, రోజూ ఒకే చోటికి పోయి ఎత్తడం వల్ల అని లెక్చరరు అన్నాడు. ఎచ్చెర్ల బృందానికి నేను చెప్పలేకపోయింది ఈయన ఒక్క మాటలో చెప్పేశాడు.

పదిన్నర ఆటలో నన్ను గోల్‌లో నిలబెట్టారు. ఐదు పడ్డాయి, అందులో రెండు బొబ్బిలి కుర్రాడివి. మావాడు ఎదుటి జట్టులో ఆడి, గోల్ కొట్టాక నా ముందుకొచ్చి మరీ డాన్సు చేశాడు.

ఆట అయ్యాక టర్ఫ్ గేటు దగ్గర, సెక్యూరిటీ అతను లైట్లు ఆపేస్తానని బెదిరిస్తుండగా ఒప్పందం కుదిరింది. ఫిబ్రవరి రెండో ఆదివారం నాగావళి ఒడ్డున మొదటి ఆట, మార్చిలో విజయనగరంలో రెండోది. స్టడ్లు కుదరవు, కాన్వాస్ బూట్లే. పొట్టి పోస్టుకి మూరెడు కర్ర అతికించే బాధ్యత శ్రీకాకుళం వాళ్లది. రాజాం వాళ్లకి బస్సు పెట్టాలని అందరూ ఒప్పుకున్నారు. ఆ బస్సు కిరాయి ఏ జిల్లా ఇవ్వాలన్న దాని మీద వాట్సాప్ గ్రూపులో నిన్న రాత్రి దాకా నూటికి పైగా మెసేజీలొచ్చాయి.